ఏ సైదులు?

సువర్ణ మా ఇంట్లో కిరాయికి దిగిన రోజు నేను అడిగిన మొదటి మాట, ఏ ఊరని. రెండోది, నాయిన ఏం చేస్తాడని. మూడోది అడగబోతుంటే ఆమె నెత్తి మీది మూట దించకుండానే నవ్వింది. "పెద్దమ్మా, సామాను దించుకోనియ్యి. కూసొని అన్నీ చెప్త" అంది. అన్నట్టే ఆ సాయంత్రం కూర్చుని చెప్పింది. పెన్‌పహాడ్ దగ్గర పల్లె. నాయిన తిరుపతయ్యకు సొంత భూమి లేదు, ఒకరి పొలం కౌలుకు పట్టి వరి వేస్తాడు. పెనిమిటి సురేష్ సూర్యాపేట బస్టాండు దగ్గర ఆటో నడుపుతాడు. రజిత అని ఒక్కతే కూతురు, అప్పటికి ఇంకా చంక దిగని పిల్ల.

నాకు అడగడం అలవాటు. ఐదో తరగతితో బడి ఆగిపోయింది గాని అడగడం ఆగలేదు. సువర్ణకు చెప్పడం అలవాటు. అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

ఆమె పదో తరగతి పాసై పెళ్ళి చేసుకుని వచ్చింది. బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్స్ దుకాణంలో టైపు కొట్టే పని చేసేది. ఒకరోజు దుకాణంలో కంప్యూటర్ మొండికేసిందట. ఎవరో కుర్రవాడు వచ్చి, ఏవో రెండు నొక్కి, లేచి పోయాడు. అది మళ్ళీ నడిచింది. సువర్ణ ఇంటికొచ్చి అన్నం పెట్టుకుని కూడా తినలేదు. ఏమైందని అడిగాను.

"ఏం నొక్కినవు తమ్మీ అని అడిగిన పెద్దమ్మా. నీకు సమజ్ గాదులే అక్కా అన్నడు."

ఆ మాట ఆమె కడుపులో అట్లాగే ఉండిపోయింది. ఎండాకాలం వస్తే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు ఊరి పిల్లలందరి దరఖాస్తులూ ఆ దుకాణంలో ఆమే నింపేది. ఆ ఏడు అందరివీ నింపి, చివరికి తనదీ ఒకటి నింపింది. ఈ వయసులో ఎట్లా తీసుకుంటారని నేను అడిగితే, వయసు ఇంత దాటొద్దని ఎక్కడా రాయలేదు పెద్దమ్మా, మొత్తం చదివే నింపిన అంది. సీటు వచ్చింది. మూడేళ్ళ డిప్లొమా, కంప్యూటర్ చదువు. సురేష్ వీధిలో అందరికీ వినపడేలా, "ఇగ మా ఇంజినీరు మేడంకు ఆటో ఫ్రీ" అని ఎగతాళి చేశాడు గాని, మూడేళ్ళూ పొద్దున్నే ఆమెను కాలేజీ దగ్గర దింపిన తర్వాతనే మొదటి బేరం ఎత్తుకున్నాడు. రజిత బడి నుంచి వచ్చి మా ఇంట్లోనే తిని, మా ఇంట్లోనే ఆడుకునేది.

మొదటి రోజు క్లాసులోకి వచ్చిన సారు ఈమెను చూసి, తల్లిదండ్రులు బయట కూర్చోవాలమ్మా అన్నాడట. పిల్లలంతా ఇంకా మీసాలు రాని వయసువాళ్ళు, ఈమె మెట్టెలు తొడుక్కున్న ఆడమనిషి. లేచి బయటికి పోదామా అని ఒక్క క్షణం అనుకున్నదట. మూడో బెంచీలో ఒక సన్నపాటి పిల్ల తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఈ అక్క మన క్లాసే సార్, ఇక్కడ కూసుంటది" అని జరిగింది. ఆ పిల్ల పేరు లహరి. మూడేళ్ళూ ఆ బెంచీ వాళ్ళిద్దరిదే. ఆ పిల్ల ఆ రోజు జరగకపోతే ఈ కథ అక్కడే ఆగిపోయేదని నా నమ్మకం. అందుకే లహరి ఎప్పుడు మా ఇంటికి వచ్చినా గారెలు వేయకుండా పంపలేదు.

చదువు తేలిగ్గా రాలేదు. పుస్తకాలన్నీ ఇంగ్లీషు. మొదటి ఏడు ఒక సబ్జెక్టు పోయింది. ఆ రోజు తలుపేసుకుని ఏడ్చింది. మళ్ళీ రాసి పాసయింది. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. సాయంత్రం నేను అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని, ఆ రోజు చెప్పిన పాఠం నాకు తెలుగులో చెప్పేది. నీకు సమజైతే నాకు వచ్చినట్టే పెద్దమ్మా అనేది. నేనెందుకు ఊరుకుంటాను? అడిగినకొద్దీ చెప్పేది.

చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయించే పద్ధతి ఒకటి ఉందట. అదెట్లా అని అడిగితే వీధి నల్లాను చూపించింది. "బిందె నిండిందా అని సూడాలె. నిండకుంటే ఇంకో చెంబు పొయ్యాలె. నిండితే ఆపాలె. ఆపుడు రాసుడు మర్చిపోయినవనుకో, వీధంతా నీళ్ళే." నాకు అర్థమైంది. ఇంకోరోజు కంప్యూటర్ లెక్క సున్నా నుంచి మొదలవుతుందని చెప్పింది. మొదటి ఇంటికి సున్నా నంబరు వేస్తే ఆ ఇంటివాళ్ళు ఊరుకుంటారా అని అడిగాను. ఆ ప్రశ్న తీసుకుపోయి క్లాసులో అడిగిందట. సారు నవ్వి, ఆ రోజంతా దాని గురించే చెప్పాడట. ఎప్పుడో ఐదో తరగతితో పలక కింద పెట్టినదాన్ని, ఈ వయసులో నాకు మళ్ళీ బడి దొరికింది. సువర్ణ పుణ్యమే అది.

మూడో ఏడు చివర ఆరు నెలలు ఎక్కడైనా ఆఫీసులో పని నేర్చుకోవాలి, అది చదువులో భాగమే. లహరి, మిగతా పిల్లలు హైదరాబాద్ పోయారు. సువర్ణ పోలేదు. సురేష్ ఆటో ఇక్కడ, రజిత బడి ఇక్కడ. వెతికితే కోదాడలో ఒక్కచోటు దొరికింది. మందుల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు. ప్రభాకర్ అనే ఆయన నగరంలో చాలా ఏళ్ళు ఉద్యోగం చేసి, సొంతూరికి తిరిగొచ్చి, దుకాణాలకూ దవాఖానలకూ లెక్కలు చూసుకునే సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తాడు. సువర్ణ రోజూ పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రం బస్సులో వచ్చేది. ప్రభాకర్ ముందే తేటగా చెప్పాడట. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు పని వచ్చింది. అది సరిగ్గా నిలబడితే ఆమెను ఆఫీసులో ఉంచుకుంటాడు. లేకపోతే శిక్షణ కాగితం ఇచ్చి పంపిస్తాడు. పంపిస్తే ఆమెకు ఈ చుట్టుపక్కల ఆ పని చేసే చోటు ఇంకోటి లేదు. మళ్ళీ జిరాక్స్ దుకాణమే. ఆ కొన్ని నెలలూ ఆమెకూ నాకూ అదే ఆలోచన.

మిల్లు పని ఏమిటంటే, కోతల కాలంలో మిల్లు ముందు వడ్ల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా ఆగిపోతాయి. ఎవరు ముందు, ఎవరు వెనక అని తగాదా. అందుకని గేటు దగ్గర ప్రతి రైతుకూ వరుస ప్రకారం టోకెన్ ఇవ్వాలి. దళారులు నాలుగు టోకెన్లు పట్టుకుని అమ్ముకోకుండా, ఒక మనిషికి రోజుకు ఒక్కటే. ఆ టోకెన్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ సువర్ణ రాయాలి.

మనిషిని ఎట్లా గుర్తుపట్టాలి అన్న దగ్గర పంచాయితీ వచ్చింది. పట్టాదారు పాస్‌బుక్ నంబరు పెట్టు, ఒకరిది ఇంకొకరికి ఉండదు అన్నాడు ప్రభాకర్. సువర్ణ వద్దంది. పాస్‌బుక్ భూమి ఉన్నవాడిది, కౌలు రైతు చేతిలో ఉండదు. మా నాయిన వడ్లు తీసుకొస్తే మీ గేటు దాటలేడు సార్ అందట. పోనీ ఫోన్ నంబరు అంటే, రైతులు సగం మంది ట్రాక్టర్ డ్రైవర్ నంబరే చెప్తారు, పది మందికి ఒకే నంబరు అవుతుంది. చివరికి రైతు పేరు, తండ్రి పేరు, ఊరు, ఈ మూడూ కలిస్తే ఒక మనిషి అని రాసింది. సరే, నీ మాట మీదే పోదాం అని ప్రభాకర్ ఒప్పుకున్నాడు. ఆఫీసులో క్లాసు పిల్లల పేర్లన్నీ వేసి పరీక్షించింది. బ్రహ్మాండంగా నడిచింది.

ఎండాకాలపు యాసంగి కోతలకు మిల్లులో మొదలుపెట్టే రోజు నేనూ బయలుదేరాను. మూడేళ్ళు చెవులతో విన్నదాన్ని ఒక్కసారి కళ్ళతో చూడొద్దా? సువర్ణ కాదనలేదు. పక్కన తెలిసిన మొహం ఉండాలని ఆమెకూ ఉన్నట్టుంది.

మిల్లు గేటు పక్కన చిన్న గది. లోపల కంప్యూటర్, చిట్టీ కొట్టే చిన్న మిషను. మిల్లు గుమాస్తా మహేశ్వర్ మైకు పట్టుకుని కూర్చున్నాడు, టోకెన్ ప్రకారం పేర్లు పిలిచి ట్రాక్టర్లను లోపలికి పంపడం ఆయన పని. నాకొక స్టూలు వేశారు. ఎండ అప్పుడే మండుతోంది. ఒక్కొక్క రైతూ వస్తున్నాడు, పేరు చెబుతున్నాడు, చిట్టీ బయటికొస్తోంది. సువర్ణ నా వైపు చూసి కళ్ళతోనే నవ్వింది.

అంతలో పాలకీడు వైపు నుంచి ఒకాయన వచ్చాడు. పేరు సైదులు, తండ్రి సైదులు, ఊరు చెప్పాడు. చిట్టీ రాలేదు. ఈ రైతు ఈరోజు టోకెన్ తీసుకున్నారు అని తెర మీద వచ్చింది.

"నేనెప్పుడు తీసుకున్న బిడ్డా? గిప్పుడే వస్తున్న. నా వడ్లు ట్రాలీల అట్లనే ఉన్నయి, వచ్చి సూడు."

వెనకున్నవాళ్ళు ఊరుకుంటారా? రెండేసి తీసుకుంటున్నరు అని ఒకడు, దళారి ముఖం అని ఇంకొకడు. ఆయన పక్కకు జరిగితే వెనక ఇంకో సైదులు వచ్చాడు. అదే ఊరు. తండ్రి పేరు కూడా అదే. మళ్ళీ అదే మాట తెర మీద.

మా వైపు వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు గాని, దూరం వాళ్ళకు చెప్పాలి. మాకు జాన్‌పహాడ్ సైదులు దర్గా అంటే ఎంతో గురి. పిల్లలు లేనివాళ్ళు, పుట్టి నిలవనివాళ్ళు, హిందువులైనా సరే, అక్కడికి పోయి మొక్కుకుంటారు. బిడ్డ పుడితే ఆ పేరే. మగపిల్లవాడైతే సైదులు, సైదయ్య, ఆడపిల్ల అయితే సైదమ్మ. తాత సైదులు, తండ్రి సైదులు, మనవడు సైదులు. మా ఆయన కూడా సైదయ్యే. ఆ వైపు ఊళ్ళలో సైదులూ అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. క్లాసు పిల్లల పేర్లతో పరీక్షించిన ఆ సాఫ్ట్‌వేర్‌కు ఈ సంగతి తెలియదు. ఊరు ఊరంతా కలిసి దానికి ఒక్క మనిషే.

వరుస ఆగిపోయింది. ట్రాక్టర్ల హారన్లు మొదలయ్యాయి. మహేశ్వర్ కోదాడకు ఫోన్ చేశాడు. ప్రభాకర్ కారు వేసుకుని వచ్చేసరికి వరుస రోడ్డు మలుపు దాటింది. ఆయన కోపంలో ఉన్నాడు, ఉండాల్సిన కోపమే.

"నేను చెప్పానా లేదా? పాస్‌బుక్ నంబరు పెట్టుంటే ఈ గొడవే ఉండేది కాదు. ఇప్పుడన్నా పెట్టెయ్, గంటలో అయిపోద్ది."

ఆ మాట గది బయట నిలబడ్డ ఒక రైతు చెవిన పడింది. ఆయన పోయి ట్రాక్టర్ ఎక్కి, తిప్పడానికి స్టార్ట్ చేశాడు. సువర్ణ పరుగెత్తి ఆపింది. పాస్‌బుక్కు భూమి గల పటేల్ దగ్గర ఉంటది, ఆయన హైదరాబాద్‌ల ఉంటడు, మేం ఎక్కడికెల్లి తేవాలె అన్నాడాయన. ఆమె ట్రాక్టర్ చక్రం పట్టుకుని అట్లాగే నిలబడింది. ప్రభాకర్ చెప్పినట్టు చేస్తే ఆమె ఉద్యోగం నిలబడుతుంది, ఈ మనిషి వెనక్కి పోతాడు. చేయకపోతే ఈయన ఇక్కడే ఉంటాడు గాని, ఎట్లా గేటు దాటిస్తుందో ఆమెకే తెలియదు. నేను మొదటిసారి ఏమీ అడగలేదు.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. రజితకు జ్వరం ఏమో అని నేను దగ్గరికి పోయాను. సువర్ణ ఫోన్ తీసి చూసింది. ఎత్తలేదు. తెర వైపే చూస్తూ నిలబడింది. ఫోన్ ఆగిపోయింది. అప్పుడు చిన్నగా నవ్వడం మొదలుపెట్టింది. ఈ పిల్లకు ఎండ దెబ్బ తగిలిందేమో అనుకున్నాను.

"ఎవరు బిడ్డా?"

"సైదులు, పెద్దమ్మా" అని ఫోన్ నాకు చూపించింది. తెర మీద సురేష్ అని ఉంది.

నాకు తట్టడానికి కొంచెం సేపు పట్టింది. ఆమె పెనిమిటికి మొక్కు పేరు సైదులే. బడి కాగితాల మీద, ఆధార్ మీద, ఆటో లైసెన్సు మీద సైదులు. ఇంట్లో ఇంకో ఇద్దరు సైదులు ఉంటే, ఎవరిని పిలుస్తున్నారో తెలియడానికి సురేష్ అని పిలవడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళు సైదులుతో కాపురం చేసి ఈ సంగతి మరిచిపోయింది మా పిల్ల.

ఆమె తిన్నగా గదిలోకి పోయి ప్రభాకర్‌తో, సార్, నాకు సాయంత్రం దాకా టైమియ్యండి, అప్పటికి కాకుంటే పాస్‌బుక్కే పెడదాం అంది. ఆయన గడియారం చూశాడు, వరుస చూశాడు, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆయన ఆ పూట ఇచ్చాడు చూడండి, దానికి నేను ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. పని ఆయనది, పరువు ఆయనది. ఇయ్యను అన్నా అడిగేవాళ్ళు లేరు.

సువర్ణ కంప్యూటర్‌లో ఇంకో గడి పెట్టింది. తర్వాత ఆ పక్కకు జరిగిన పెద్దమనిషిని పిలిచింది.

"పెదనాయినా, ఊర్లె నిన్ను ఏమని పిలుస్తరు?"

"నన్నా? బాయికాడి సైదులు అంటరు."

వెనకున్న ఊరివాళ్ళు అవునన్నాక ఆమె అది గడిలో కొట్టింది. చిట్టీ బయటికొచ్చింది. తర్వాత వచ్చినాయన గొర్ల సైదులు. ఆ తర్వాత బస్సు సైదులు, కండక్టర్ పని చేసి మానేసిన మనిషి. తిరిగిపోబోయిన కౌలు రైతు చింతకింది సైదులు. ఆయన చిట్టీని రెండు చేతులతో తీసుకున్నాడు. ఇంకొకాయన మాత్రం నోరు విప్పలేదు. వెనకవాడు అందుకుని, నత్తి సైదులు అని రాయమ్మా అన్నాడు. ఆ మనిషి ముఖం చిన్నబోయింది. సువర్ణ కీబోర్డు మీది చేతులు తీసేసి, నీకు ఎట్ల పిలిస్తే ఇష్టమో గట్లనే రాస్త అన్నా, నువ్వే చెప్పు అంది. ఆయన చాలాసేపు ఆలోచించి, మా ఇంటామె పేరు విజయ అన్నాడు.

కాసేపటికి మహేశ్వర్ మైకులో, "విజయ మొగుడు సైదులు లోపలికి రావాలె" అని పిలిచాడు. రోడ్డు పొడుగునా నవ్వులు. ఆయన మాత్రం పెళ్ళికొడుకు గుర్రం ఎక్కినట్టు ట్రాక్టర్ ఎక్కి, కుడి ఎడమా చూసుకుంటూ లోపలికి పోయాడు.

ఎండ తగ్గేసరికి వరుస కదిలి కదిలి గేటు దగ్గరికి వచ్చింది. ప్రభాకర్ అంతసేపూ పక్కనే కూర్చుని చూస్తున్నాడు.

"అంతా బానే ఉంది. రేపు ఇద్దరికి ఒకే పిలుపు ఉంటే?"

"ఉండదు సార్. ఇద్దర్ని ఒక్కతీరు పిలిస్తే పిలిచేటోళ్ళకే పరేషాన్. అట్లయితే ఊరోళ్ళే ఒకనికి ఇంకో పేరు పెడ్తరు. మనకంటే ముందే వాళ్ళు ఈ పని చేసిపెట్టిన్రు."

ఆయన మహేశ్వర్‌ను అందరికీ చాయ్ చెప్పమన్నాడు. నాకు చక్కెర తక్కువ వేయమని కూడా ఆయనే చెప్పాడు, పొద్దున నేనెప్పుడో అన్న మాట గుర్తుపెట్టుకుని. తర్వాత ఇద్దరూ కూర్చుని ఆ గడి వెనక ప్రతి రైతుకూ ఒక నంబరు పుట్టేలా చేశారు. ఒకసారి వచ్చిన రైతు రెండోసారి వస్తే నంబరు చెబితే చాలు, మరిచిపోతే పిలుపు చెప్పొచ్చు. శిక్షణ ఆఖరి రోజున ప్రభాకర్ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చి, రిజల్ట్ రాగానే వచ్చెయ్యి, ఇంకో రెండు మిల్లుల వాళ్ళు అడుగుతున్నారు అన్నాడట. ఇప్పుడామె కోదాడ ఆఫీసులో సొంత కుర్చీలో కూర్చుంటుంది. జిరాక్స్ దుకాణంలో కంప్యూటర్ మొండికేస్తే వాళ్ళు ఆమెకే ఫోన్ చేస్తారు. ఏం నొక్కాలో చెబుతుంది, ఎందుకు నొక్కాలో కూడా చెబుతుంది.

మొన్న వానాకాలం కోతలకు ఆమె నాయిన తిరుపతయ్య సన్నవడ్లు పోసుకుని ఆ మిల్లుకే పోయాడు. బిడ్డకు చెప్పలేదు. ఆ రోజు సువర్ణ ఏదో సరిచేయడానికి గేటు గదిలోనే ఉందని ఆయనకు తెలియదు. మహేశ్వర్ పేరు అడిగాడు, ఊరు అడిగాడు. పాస్‌బుక్ అడగలేదు. ఊర్లో ఏమని పిలుస్తారని అడిగాడు. తిరుపతయ్య భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడట. తర్వాత, "సువర్ణ నాయిన అంటరు" అన్నాడు. నిజానికి ఊళ్ళో ఆయన్ను అట్లా పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. లోపలి నుంచి విన్న సువర్ణ బయటికి రాకుండా కాసేపు కంప్యూటర్ వైపే తిరిగి కూర్చుందట.

టోకెన్ వడ్లు తూచే కాంటా దగ్గర ఇచ్చేయాలి. దాని మీద సువర్ణ నాయిన అని అచ్చుపడి ఉంది, తిరుపతయ్యకు అది ఇవ్వబుద్ధి కాలేదు. జేబులో పెట్టుకుని గేటు గదికి తిరిగొస్తే లోపల బిడ్డ కనపడింది, ఇంకోటి కొట్టియ్యమని ఆమెనే అడిగాడు. ఒక మనిషికి ఒక్కటే నాయినా, నేనే రాసిన అని ఆమె ఇవ్వలేదు. ఆయన చిట్టీ కాంటా దగ్గర ఇచ్చేసి ఉత్త చేతులతో మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఆ చిట్టీ మీద ఏమేం రాసి ఉందో అక్షరం అక్షరం నాకు చెప్పాడు. నేను అడుగుతూనే ఉన్నాను. ఆయన చెబుతూనే ఉన్నాడు.